పిచ్చుక గొంతు

ఆమె గొంతు తెలియనివాళ్ళు ఆ ఊళ్ళో లేరు. ముఖం తెలిసినవాళ్ళు మాత్రం తక్కువ. బస్టాండు మేడమీద గాజు కిటికీ ఉన్న చిన్న గదిలో కూర్చుని, ఏ బస్సు ఎటు వెళ్తుందో, ఏది ఆలస్యమో, ఎవరి పిల్లాడు తప్పిపోయి విచారణ గదిలో ఏడుస్తున్నాడో మైకులో చెప్పడం ఆమె ఉద్యోగం. పెళ్ళయిన కొత్తలో చేరి, జుట్టు నెరిసేదాకా అదే పని చేసింది. కూరగాయల కొట్లో ఆమె "అరకిలో వంకాయలివ్వండి" అనగానే, పక్కనున్న మనిషి తన బస్సు వెళ్ళిపోతోందేమోనని సంచి పట్టుకుని ఉలిక్కిపడ్డాడట. ఈ కథ ఆమె భర్త అందరికీ చెబుతాడు. ఊరంతా ఆమెను అనౌన్సరమ్మ అంటారు.

ఆమెకొక అన్నయ్య ఉన్నాడు. పుట్టుకతోనే ఆయనది నిదానపు బుద్ధి. చదువు అబ్బలేదు. చిల్లర లెక్క తెలియదు. ఒంటరిగా రోడ్డు దాటలేడు. అయితే స్నానం, భోజనం, పక్క దులుపుకోవడం అన్నీ తనే చూసుకుంటాడు. ఇస్త్రీ చొక్కా లేనిదే గడప దాటడు కాబట్టి వీధిలోవాళ్ళు ఆయనకు "దొరగారు" అని పేరు పెట్టారు. మొదట్లో అందులో వెటకారం ఉండేది. ఆయన మాత్రం ఆ పిలుపును మర్యాదగా పుచ్చుకుని, మర్యాదగా తల ఊపేవాడు. కొన్నాళ్ళకు వెటకారం అరిగిపోయి మర్యాదే మిగిలింది.

తల్లి పోయాక ఆయన చెల్లెలి ఇంటికి వచ్చేశాడు. చెల్లెలి భర్త దర్జీ. ఇంటి ముందు గదిలోనే షాపు. బావగారి చొక్కాలు అతనే ఇస్త్రీ చేసి కొక్కేనికి తగిలించేవాడు. పొద్దున్నే అన్నాచెల్లెళ్ళు కలిసి బస్టాండుకు వెళ్ళేవాళ్ళు. ఆమె మేడెక్కితే, ఆయన కింద స్పీకరు దగ్గరి బెంచీ మీద కూర్చునేవాడు. పైనుంచి చెల్లెలు మాట్లాడుతుంటే వినడం కంటే ఆయనకు వేరే కాలక్షేపం లేదు.

ఉద్యోగం అయిపోగానే ఇల్లు మూగబోయింది. ఆమెకు ఊసుపోలేదు. ఆయనకైతే అసలు దిక్కు తోచలేదు. "చిట్టీ, మాట్లాడవా?" అని అడిగేవాడు. ఆమె మాట్లాడితే, "అలా కాదు, పైనుంచి" అనేవాడు. ఆ బాధ చూడలేక దర్జీ ఒక కబురు తెచ్చాడు. చూపులేనివాళ్ళ కోసం పుస్తకాలు చదివి రికార్డు చేసే గ్రంథాలయం ఒకటుందనీ, మంచి గొంతున్నవాళ్ళ కోసం చూస్తున్నారనీ ఎవరో కొలతలివ్వడానికి వచ్చినప్పుడు చెప్పారట. అన్నాచెల్లెళ్ళు మర్నాడే వెళ్ళారు.

అదొక పాత మేడ వెనక వైపు. రికార్డింగు గది గోడలకు మందంగా బొంత లాంటి గుడ్డ కుట్టి ఉంది. లోపల ఒక మైకు, ఒక దీపం, ఒక కుర్చీ. గాజుకు ఇవతల మెషీను, దాని ముందు రికార్డిస్టు, అతని తలకు పైన గోడకు స్పీకరు. దొరగారు ఆ స్పీకరును చూశాడు, దాని కింద ఖాళీ స్టూలును చూశాడు, ఎవరూ చెప్పకుండానే వెళ్ళి కూర్చున్నాడు. ఆ రోజుతో ఆ స్టూలు ఆయనదైపోయింది.

రికార్డిస్టు చాలా ఏళ్ళు రేడియోలో పనిచేసిన మనిషి. అక్కడ మాట కాస్త ఆగితే చాలు, పైవాళ్ళు ఫోను చేసి తిట్టేవారట. అందుకని అతనికి నిశ్శబ్దం అంటే పాము కనబడ్డంత భయం. గ్రంథాలయం నడిపే మేనేజరుకు చూపు లేదు. లావుపాటి మనిషి, నవ్వితే కుర్చీ కూడా నవ్వినట్టుండేది. తయారైన ప్రతి రికార్డింగూ ఆయన విన్నాకే బయటికి వెళ్ళేది.

మొదట్లో ఆమెకు ఆరోగ్య సలహాల పుస్తకం, ఒకరిద్దరి యాత్రాకథలు ఇచ్చారు. అవి బాగా వచ్చాయి. అప్పుడు మేనేజరు ఒక పాత నవల చేతిలో పెట్టాడు.

"శ్రోతలు ఎన్నాళ్ళ నుంచో అడుగుతున్నారమ్మా. ఇన్నాళ్ళూ ఎవరికీ ఇవ్వబుద్ధి కాలేదు. మీరు చదవండి."

ఆ నవల తెలియనివాళ్ళుండరు. బళ్ళో పాఠంగా ఉంది, నాటకంగా ఆడారు. ఏటి ఒడ్డున, నీటి ఒరవడికి తిరిగే పిండిమర ఒకటి. దాని మీద హక్కు కోసం కొట్టుకునే అన్నదమ్ములిద్దరు. వాళ్ళింట్లో పెరిగే దూరపు చుట్టం ఒకడు, బుద్ధి ఎదగనివాడు. మర దగ్గర రాలిన గింజలు ఏరుకుని తింటాడని వాడిని పిచ్చుక అంటారు. పెద్దన్న మీద కసితో తమ్ముడు ఒక తుపాను వేళ పిచ్చుక చేత తూము తలుపు ఎత్తిస్తాడు. నీళ్ళు విరుచుకుపడి మర కొట్టుకుపోతుంది. అందరూ పిచ్చుకనే దోషిని చేసి, బండెక్కించి ఎక్కడికో పంపేస్తారు. చివరి పేజీ దగ్గర ఏడవనివాళ్ళు లేరని చెప్పుకుంటారు.

పిచ్చుక మొదటిసారి మాట్లాడే చోటు వచ్చేసరికి, అనౌన్సరమ్మ నాటకాల్లో విన్నట్టే చదివింది. నోరు సగం తెరిచి, మాట సాగదీసి, ముక్కుతో పలికింది. రికార్డిస్టు గాజు అవతల నుంచి చప్పట్లు కొట్టాడు.

"అదరగొట్టారమ్మా! నాటకంలోవాడు దిగదుడుపే."

ఆమె బయటికి వచ్చి నీళ్ళు తాగుతుంటే దొరగారు అడిగాడు.

"చిట్టీ, వాడికి జలుబు చేసిందా?"

"ఎవరికన్నయ్యా?"

"పిచ్చుక్కి. వాళ్ళింట్లో మందివ్వరా?"

అందరూ పగలబడి నవ్వారు. ఆమె కూడా నవ్వింది. ఇంటికి నడుస్తుంటే మాత్రం నవ్వు తగ్గుతూ వచ్చింది. పక్కన నడుస్తున్న మనిషి గొంతు ఎలా ఉంటుంది? ముక్కుతో మాట్లాడడు, సాగదీయడు. కాస్త బొంగురు, నాన్న గొంతులాగే. ఫోనెత్తితే అవతలివాళ్ళు ఇంటి పెద్దాయన అనుకుని "నమస్కారమండీ" అంటారు. పుట్టి బుద్ధెరిగినప్పటి నుంచి ఆ గొంతు వింటూ, పిచ్చుక్కి ఆ జలుబు గొంతు ఎక్కడి నుంచి తెచ్చి పెట్టానా అనుకుంది.

మర్నాడు మామూలు గొంతుతో చదివింది. ఈసారి మేనేజరు పిలిపించాడు.

"తప్పుగా అనుకోకండమ్మా. చూపున్నవాళ్ళకు కాగితం మీద పేరాలుంటాయి, గుర్తులుంటాయి. మాకు గొంతే పేరా. మాట్లాడేది పిచ్చుకా, బండివాడా తెలియకపోతే మేమెక్కడ పట్టుకోవాలి?"

"ఆ జలుబు గొంతు నేను పెట్టలేనండీ."

"జలుబొద్దు. వేరే ఏదో ఒకటి కావాలి. వాడెలా మాట్లాడతాడో రచయిత ఎక్కడో అక్కడ చెప్పే ఉంటాడు, వెతకండి."

ఆయన చెప్పిందీ నిజమే. ఆమె పుస్తకం ఇంటికి తెచ్చుకుని, భర్త కుట్టుమిషను చప్పుడులో కూర్చుని, పిచ్చుక ఉన్న చోట్లు మాత్రమే మళ్ళీ చదివింది. చదివేకొద్దీ ఆశ్చర్యం వేసింది. వాడి గొంతు గురించి రచయిత ఒక్క ముక్కా రాయలేదు. ఒకరు వాడిని మట్టిముద్ద అంటారు, ఇంకొకరు దేవుడి బిడ్డ అంటారు, పెద్దన్న తిండి దండగ అంటాడు. అన్నీ పక్కవాళ్ళు అన్న మాటలే. వాడు అన్నవి ఏరి పోగేస్తే గుప్పెడు కూడా లేవు. ఆ గుప్పెడులో మాత్రం ఒక అలవాటు కనబడింది. ఎవరేమడిగినా, వాడు ముందు ఆ ప్రశ్న చివరి మాటనే తిరిగి అంటాడు. "ఎక్కడికెళ్ళావురా?" అంటే "వెళ్ళావు... ఏటికెళ్ళాను" అంటాడు. పుస్తకానికి ముందుమాట రాసిన పెద్దమనిషి దీన్ని ఖాళీ కుండలో ప్రతిధ్వని అన్నాడు. వాడి లోపల ఏమీ లేదని చెప్పడానికి రచయిత చేసిన ఏర్పాటట.

ఆమె ఆ మాటకు పెన్సిలుతో గీత పెట్టింది. అప్పుడే పక్కన ఇస్త్రీ చేస్తున్న దర్జీ తల ఎత్తకుండా అడిగాడు.

"బావగారూ, రేపటికి నీలం చొక్కానా, తెల్లదా?"

"తెల్లదా..." అన్నాడు దొరగారు.

దర్జీ కాలరు మీద నీళ్ళు చిలకరించాడు. కాలరు అయింది, ఒక చెయ్యి అయింది, రెండో చెయ్యి తిప్పాడు. అనౌన్సరమ్మ పుస్తకం ఒళ్ళో పెట్టుకుని చూస్తూ కూర్చుంది.

"నీలంది. తెల్లదానికి గుండీ వదులైంది," అన్నాడు దొరగారు.

ఆమె ఇది వెయ్యిసార్లు విన్నదే. అయినా ఇప్పుడే విన్నట్టనిపించింది. ఆయన ప్రశ్న కొసను పట్టుకుని, దాన్ని వదలకుండా లోపలికి వెళ్ళి, వెతుక్కుని, జవాబుతో తిరిగి వస్తున్నాడు. అమ్మకు ఈ సంగతి తెలుసు. ఏదైనా అడిగి, బఠాణీలు ఒలవడం మొదలుపెట్టేది. నాన్న మాత్రం "ఆలస్యం అమృతం విషం" అంటూ మళ్ళీ అడిగేవాడు. మళ్ళీ అడిగితే అన్నయ్య లోపలికి మళ్ళీ మొదటి నుంచీ వెళ్ళాలి. "మీరు కాసేపు నోరు మూసుకోండి, నిదానమే ప్రధానం" అని అమ్మ కసిరేది. ఆ ఇంట్లో ఆ రెండు సామెతలకూ రోజూ పోట్లాటే.

"ఏమండీ, అన్నయ్య జవాబు చెప్పేదాకా మీరెలా ఆగుతారు?" అని భర్తను అడిగింది.

"ఆగడమేమిటి? నా పని నేను చేసుకుంటాను, ఆయన పని ఆయన చేసుకుంటారు."

పిచ్చుక గొంతు ఆమెకు దొరికింది. మామూలు గొంతే, కాస్త కిందిస్థాయిలో. ప్రశ్న చివరి మాట. తర్వాత ఒక ఎడం. ఆపైన జవాబు. మైకు ముందు ఆ ఎడంలో ఆమె దీపం వైపు చూస్తూ, మనసులో బఠాణీలు ఒలిచేది. 

వారం తిరిగేసరికి రికార్డిస్టు సంతోషంగా ఒక వార్త చెప్పాడు.

"అమ్మా, మీరు మధ్యమధ్యలో ఊపిరి కోసం ఆగినవన్నీ కత్తిరించి పారేశాను. ఇప్పుడు కడిగిన ముత్యంలా ఉంది."

"అయ్యో! అవి నా ఊపిరి కోసం కాదు నాయనా. అవి పిచ్చుకవి."

"మాటే లేనిచోట పిచ్చుక ఎలా ఉంటాడమ్మా?"

"అక్కడే ఉంటాడు."

"వినేవాళ్ళు మెషీను పాడైందనుకుంటారు. తిట్లు తినేది నేను!"

మాటా మాటా పెరిగింది. రోజూ టీ ఇచ్చిపుచ్చుకునే ఇద్దరూ ఎడమొహం పెడమొహం అయ్యారు. మధ్యలో స్టూలు మీది దొరగారు, ఎవరు మాట్లాడితే వాళ్ళ వైపు తిరిగి తల ఊపుతూ కూర్చున్నాడు. చివరికి తగవు మేనేజరు గదికి చేరింది. ఆయన రెండు రకాలూ వేయించుకుని కళ్ళు మూసుకుని విన్నాడు. అదొక అలవాటు ఆయనకు.

"ఆగి చదివినదాంట్లో వాడు ఎక్కడ కూర్చున్నాడో కూడా తెలుస్తోందయ్యా," అన్నాడు. "గోడ వారన, కింద. కత్తిరించినవన్నీ అతికించు."

"తాను పట్టిన కుందేలుకు మూడే కాళ్ళంటారీవిడ," అని గొణుక్కుంటూనే రికార్డిస్టు అతికించాడు. ఒక్క విషయం మాత్రం చెప్పాలి, అతికించినప్పుడు ఒక్కటీ పొల్లుపోనివ్వలేదు.

విచారణ అధ్యాయానికి వచ్చారు. మర కొట్టుకుపోయిన మర్నాడు పెద్దన్న అందరి ముందూ పిచ్చుకను నిలబెట్టి అడిగే ఘట్టం అది. చదవబోయే ముందు ఆమె ఎప్పటిలాగే ఎడాలు ఎక్కడ పడతాయో గుర్తు పెట్టుకుంటోంది. "తూము తలుపు నిన్ను ఎవరు ఎత్తమన్నారు?" అని పెద్దన్న అడుగుతాడు. "ఎత్తమన్నారు..." అంటాడు పిచ్చుక. వెంటనే పెద్దన్న, "ఎత్తమన్నారంట! చూశారా, నేరం వేరేవాళ్ళ మీదికి తోస్తున్నాడు" అని అరుస్తాడు. గుమాస్తా ఒకటి అడుగుతాడు, వంటామె ఒకటి అంటుంది, మళ్ళీ పెద్దన్న. అలా పేజీ నిండిపోతుంది.

బళ్ళో చదివిన నాటి నుంచి ఆమె కూడా ఆ ఒక్క మాటనే పిచ్చుక జవాబు అనుకుంది. ఎవరో ఎత్తమన్నారు, ఎవరో చెప్పే తెలివి లేదు, పాపం. టీచరు చెప్పిందీ అదే, ముందుమాటలో ఉన్నదీ అదే. ఇప్పుడు పక్కనున్న మూడు చుక్కల మీద వేలు పెట్టేసరికి ఆమెకు తట్టింది. అది జవాబు కాదు. ప్రశ్న చివరి మాట. వాడు దాన్ని పట్టుకుని లోపలికి బయలుదేరాడు, అంతే. తిరిగొచ్చేదాకా ఎవరూ ఆగలేదు. ఒక ప్రశ్న మీద ఇంకో ప్రశ్న పడి, వాడు ప్రతిసారీ మొదటికొచ్చాడు.

ఆ అధ్యాయంలో ఆమె ఎడం ఎక్కడా ఇవ్వలేదు. బస్టాండులో పండగ రద్దీనాడు చదివినంత వేగంగా, గొంతు మీద గొంతు పడేలా చదివింది. పిచ్చుక "ఎత్తమన్నారు..." అన్నచోట సగం ఊపిరి తీసుకుంది, అంతలోనే పెద్దన్న అరుపు అందుకుంది. చదవడం అయ్యాక రికార్డిస్టు చెవులకున్న హెడ్‌ఫోన్లు తీసి బల్ల మీద పెట్టాడు.

"ఒక్క క్షణం ఆగి ఉంటే చెప్పేవాడు కదమ్మా," అన్నాడు, చాలా కోపంగా.

"చెప్పేవాడేమో."

"ఆ పెద్దన్న నోరు పడిపోనూ!" అన్నాడు నిశ్శబ్దానికి జడిసే మనిషి.

ఇక చివరి అధ్యాయం మిగిలింది. పిచ్చుకను బండెక్కించి పంపేయడం అన్నయ్య వినకూడదని ఆమెకు అనిపించింది.

"అన్నయ్యా, ఇవాళ షాపులో ఉండిపోరాదూ?"

"ఉండిపోరాదూ..." ఆయన చొక్కా గుండీలన్నీ పెట్టుకున్నాడు. "వస్తా. పిచ్చుక కథ అయిపోతోందిగా."

చేసేది లేక తీసుకెళ్ళింది. గొంతు వణుకుతుండగానే చివరి పేజీ చదివింది. గాజు అవతల రికార్డిస్టు చేతిరుమాలు తీశాడు. ఆమె బయటికి వచ్చి అన్నయ్య ముఖం చూడడానికి భయపడింది. ఆయన మామూలుగానే ఉన్నాడు. ఏదో సందేహం ఉన్నట్టు నొసలు ముడిచాడు.

"చిట్టీ, బండిలో ముందు కూర్చున్నాడా, వెనకా?"

ఆమెకు గుర్తులేదు. ఇప్పుడే చదివింది, అయినా గుర్తులేదు. పుస్తకం తెరిచి వెతికింది. కూలిన మర వర్ణన, వెనక్కి తిరిగి చూడని పెద్దన్న, ఏటి మీద పొగమంచు. వాటి మధ్య ఇరుక్కుని చిన్న వాక్యం ఉంది. బండివాడు జరిగి చోటిచ్చాడు, పిచ్చుక పగ్గం కొస పట్టుకున్నాడు.

"ముందేనన్నయ్యా. బండివాడి పక్కన. పగ్గం కూడా పట్టుకున్నాడు."

"పట్టుకున్నాడు..."

రికార్డిస్టు నోరు తెరవబోయి మూసుకున్నాడు. ముగ్గురూ అలాగే ఉన్నారు.

"అయితే బాగానే వెళ్ళాడు," అన్నాడు దొరగారు, నొసటి ముడి విప్పి.

ఆమె మళ్ళీ గదిలోకి వెళ్ళి చివరి పేజీ తిరిగి చదివింది. జరిగిన అన్యాయం అన్యాయమే, దాన్ని ఆమె మెత్తబరచలేదు. ఆ ఒక్క వాక్యాన్ని మాత్రం ఏడుపు లేకుండా, నిండుగా, ఎండ పడిన వీధిలా చదివింది. అంత పెద్ద నవలలో వాడి కోసం జరిగి చోటిచ్చినవాడు ఆ బండివాడొక్కడే. ఆ సంగతి ఇన్నేళ్ళలో తను గమనించనే లేదు.

రికార్డింగు బయటికి వెళ్ళాక ఫోన్లు మొదలయ్యాయి. ఒకాయన మధ్యమధ్యలో సౌండు పోతోందని ఫిర్యాదు చేశాడు. "పోవట్లేదండీ, పిచ్చుక ఆలోచిస్తున్నాడు. మీరు ఆపేయకుండా వినండి" అని మేనేజరు చెప్పి కుర్చీతో సహా నవ్వాడు. చాలామంది మళ్ళీ మళ్ళీ విన్నామన్నారు. చూపులేని ఒక విద్యార్థిని దాన్ని క్లాసులో వినిపించిందట. ఆ క్లాసు టీచరమ్మ ఒక మధ్యాహ్నం వెతుక్కుంటూ వచ్చింది. ఆ నవలే పాఠంగా చెప్పే మనిషి.

"ఆ మూడు చుక్కల సంగతి నాకు తట్టనేలేదండీ. కానీ ఒకటి మీరు వదిలేశారు. తూము దగ్గర తమ్ముడు ఎవరికీ చెప్పొద్దంటాడు. పిచ్చుక తల ఊపుతాడు. వాడు మాటిచ్చాడు. రోజంతా ఆగినా చెప్పేవాడు కాదని నా నమ్మకం."

అనౌన్సరమ్మ పేజీ తిరగేసి చూసింది. నిజంగానే ఉంది. తల ఊపడం కాబట్టి గొంతు కోసం వెతికిన ఆమెకు కనబడలేదు. "చెప్పలేకపోయాడు" అని ఈవిడ, "చెప్పకూడదనుకున్నాడు" అని ఆవిడ, టీ చల్లారేదాకా వాదించుకున్నారు. తెలియనివాడు కాదన్న దగ్గర మాత్రం ఇద్దరిదీ ఒకే మాట. టీచరమ్మ ఉండబట్టలేక స్టూలు వైపు తిరిగింది.

"దొరగారూ, ఎవరైనా చెప్పొద్దంటే మీరు చెప్తారా?"

"చెప్తారా..."

టీచరమ్మ ఆగింది. చక్కగానే ఆగింది.

"చెప్పను," అన్నాడాయన. ఇంకాసేపటికి, "చిట్టి అడిగితే చెప్తా."

"పోనీలెండి, చెరిసగం," అని నవ్వింది టీచరమ్మ.

"ఆయన్ని సాక్ష్యానికి తేకండి," అంది అనౌన్సరమ్మ తనూ నవ్వుతూ. "పిచ్చుక వేరు, మా అన్నయ్య వేరు. పిచ్చుక్కి పాపం పొగరు లేదు."

అప్పటి నుంచి టీచరమ్మ నెలలో ఒకటి రెండుసార్లు వస్తూనే ఉంది. వాదన తెగలేదు. తెగాలని ఇద్దరికీ లేదు. రికార్డిస్టు ఇప్పుడు కొత్తగా చదవడానికి వచ్చేవాళ్ళకు "కాస్త ఆగి చదవండి" అని సలహాలిస్తున్నాడు, ఆ సంగతి తనే కనిపెట్టినట్టు.

ఈమధ్య అనౌన్సరమ్మ చదువుతున్నది తేనెటీగల పెంపకం. పెట్టెలు ఎలా కట్టాలి, పొగ ఎలా పట్టాలి, అన్నీ వివరంగా ఉన్నాయి గానీ మనుషులెవరూ మాట్లాడరు. దొరగారికి అది బొత్తిగా నచ్చలేదు. అయినా నీలం చొక్కా వేసుకుని రోజూ వచ్చి వింటున్నాడు. రాణి ఈగ పెట్టె వదిలి వెళ్ళిపోయే అధ్యాయంలో కాస్త కథ ఉంటుంది, అది వచ్చేదాకా చూద్దామని చెల్లెలు చెప్పింది.